కండరాల జబ్బులు, కణంలో ప్రోటీన్ల తొలగింపు: ఒక ప్రశ్న చరిత్ర

తుంటి, భుజాల కండరాలు ఏడాదికేడాది బలహీనపడుతున్న ఒక పిల్లవాడికి ఆల్ఫా-సార్కోగ్లైకాన్ అనే ప్రోటీను తాలూకు జన్యువులో లోపం ఉందని పరీక్షలో తేలిందనుకుందాం. ఆ లోపం చూడడానికి పెద్దది కాదు. ఆ ప్రోటీను 387 అమైనో ఆమ్లాల గొలుసు. అందులో 77వ స్థానంలో ఆర్జినీన్ ఉండవలసిన చోట సిస్టీన్ వచ్చి చేరింది. మిగిలిన 386 ఎక్కడివక్కడే ఉన్నాయి. కణం ఆ జన్యువును చదువుతుంది, ప్రోటీనును తయారు చేస్తుంది కూడా. కాని పిల్లవాడి కండరంలోంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే, కండరకణం పైపొర మీద ఆ ప్రోటీను జాడ దాదాపు కనిపించదు. తయారైన ప్రోటీను ఎక్కడికి పోయింది?

దీనికి ఈ రోజు మనకు తెలిసిన జవాబు: కణమే దాన్ని పట్టుకుని ముక్కలు చేసింది. మరింత విచిత్రమైన సంగతి ఏమిటంటే, అలా ముక్కలు చేయకుండా ఉంటే ఆ ప్రోటీను తన పని తాను కొంతవరకైనా చేయగలిగి ఉండేదేమోనన్న అనుమానానికి గట్టి ఆధారాలు దొరికాయి. ఈ మాట అనగలగడానికి వైద్యశాస్త్రానికి దాదాపు నూరేళ్ళు పట్టింది. ప్రోటీన్లు నశిస్తాయా అన్న ప్రశ్న, ఎలా నశిస్తాయన్న ప్రశ్న, కండరాల జబ్బులలో అసలు లోపం ఎక్కడుందన్న ప్రశ్న ఒకదానికొకటి తెలియకుండా చాలాకాలం వేరువేరుగా నడిచాయి. అవి ఎలా కలిశాయో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

స్థిరమైన శరీరమన్న నమ్మకం

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జీవరసాయన శాస్త్రంలో అధికారికంగా చలామణీ అయిన అభిప్రాయం తరవాత హార్వర్డ్‌లో ఆచార్యుడైన ఆటో ఫోలిన్ 1905లో ప్రతిపాదించినది. మనం తిన్న మాంసకృత్తులు ఇంధనంలాగా ఖర్చయి మూత్రంలో యూరియాగా బయటికి పోతాయి. శరీరం తాలూకు సొంత ప్రోటీన్లు మాత్రం ఇంచుమించు స్థిరంగా ఉండి, స్వల్పంగా అరుగుతాయి. కట్టిన ఇల్లు ఒకటి, పొయ్యిలో కట్టెలు ఒకటి అన్నట్టు. మూత్రంలో క్రియాటినిన్ పరిమాణం ఆహారంతో నిమిత్తం లేకుండా రోజూ ఒకేలా ఉండడం ఈ వాదానికి ముఖ్యమైన ఆధారం.

ఈ ఫోలిన్ విభాగంలోనే సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేసినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఫాస్ఫరస్‌ను కొలవడానికి వీరిద్దరూ 1925లో ప్రకటించిన పద్ధతి ప్రయోగశాలల్లో చిరకాలం నిలిచింది. ఆ పద్ధతి సహాయంతోనే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని 1927లో, ఏటీపీ అనే అణువును 1929లో వారు వెలికితీశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా ఏటీపీని కనుగొన్నాడు. కండరం ముడుచుకోవడానికి కావలసిన శక్తి ఎక్కడినుంచి వస్తుందన్న అన్వేషణలో ఇది మలుపు. ఇదే ఏటీపీ మరో ఇరవై నాలుగేళ్ళ తరవాత, కండరం కదలికతో ఏ సంబంధమూ లేని చోట, ఒక చిక్కుప్రశ్నగా ఎదురవుతుంది. ఆ సంగతికి తరవాత వద్దాం.

ఫోలిన్ చిత్రాన్ని చెరిపివేసినవాడు రుడాల్ఫ్ షోన్‌హైమర్. యూదుడు కావడంవల్ల 1933లో జర్మనీ విడిచి న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయానికి చేరాడు. భార హైడ్రోజన్‌ను కనుగొన్న హెరాల్డ్ యూరీ కూడా అక్కడే ఉన్నాడు. భార నైట్రోజన్‌తో గుర్తు పెట్టిన ల్యూసీన్ అనే అమైనో ఆమ్లాన్ని షోన్‌హైమర్ బృందం ఎదిగిన ఎలుకలకు మూడు రోజులు పెట్టింది. ఫోలిన్ చెప్పినట్టయితే ఆ నైట్రోజన్ చాలావరకు మూత్రంలో కనిపించాలి. మూత్రంలో కనిపించినది మూడో వంతుకన్నా తక్కువ. సగానికి పైగా శరీరపు ప్రోటీన్లలోకి చేరిపోయింది. ఎలుకల బరువు మాత్రం పెరగలేదు. అంటే కొత్తగా చేరినంత పాతది విడిపోయింది. శరీరం నిలిచి ఉన్నట్టు కనిపిస్తూనే క్షణక్షణం మారుతున్నదన్నమాట. షోన్‌హైమర్ 1941లో మరణించాడు. ఈ ఫలితాలను సమీక్షించిన ఆయన గ్రంథం మరుసటి ఏడాది వెలువడింది.

అంతటితో వాదం ముగియలేదు. 1955లో ప్యారిస్‌లో జాక్ మోనో బృందం, పెరుగుతున్న బ్యాక్టీరియాలో ప్రోటీన్లు విచ్ఛిన్నం కావడం లేదని చూపి, జంతువుల విషయంలోనూ షోన్‌హైమర్ వాదాన్ని సందేహించింది. పైగా అది జన్యుసంకేతాన్ని ఛేదిస్తున్న కాలం. ప్రోటీన్లు ఎలా పుడతాయన్నదే అందరి ధ్యాస. అవి ఎలా పోతాయన్నది పట్టించుకోదగిన విషయంగా చాలామందికి తోచలేదు.

కూల్చడానికి శక్తి ఎందుకు?

ప్రోటీన్లు జీర్ణకోశంలో విడిపోవడానికి శక్తి ఖర్చు అవసరం లేదు, ఎంజైములుంటే చాలు. కాని 1953లో మెల్విన్ సింప్సన్ ఎలుక కాలేయపు పలచటి ముక్కలతో ప్రయోగం చేసి, కణం తన ప్రోటీన్లను విడగొట్టే పనికి శక్తి కావాలని చూపించాడు. శక్తి ఉత్పత్తికి అడ్డుపడే పదార్థాలు వేస్తే ప్రోటీన్లనుంచి అమైనో ఆమ్లాలు విడివడడం తగ్గిపోయింది. ఇల్లు కట్టడానికి కూలి ఇవ్వాలి, సరే. కూలిపోయే గోడకు కూలి ఎందుకు? ఈ వింతకు పాతికేళ్ళపాటు జవాబు దొరకలేదు.

ఇంతలో ఒక జవాబు దొరికినట్టే అనిపించింది. బెల్జియంలో క్రిస్టియన్ డి డూవ్ 1955లో లైసోసోమ్‌ను పరిచయం చేశాడు. పొరతో కట్టిన సంచి, లోపల ఆమ్లం, ఆ ఆమ్లంలో పనిచేసే జీర్ణ ఎంజైములు. కణం తన సొంత భాగాలనే ఈ సంచులలోకి పంపి జీర్ణం చేసుకోవడానికి ఆయన 1963లో ఆటోఫజీ, అంటే స్వీయభక్షణ, అని పేరు పెట్టాడు. అదే ఏడాది ఆయన సహచరుడు ఆన్రీ హెర్స్, 1932లో డచ్చి వైద్యుడు పొంపే వర్ణించిన ఒక శిశువ్యాధికి కారణం లైసోసోమ్‌లో ఉండవలసిన ఒక ఎంజైము లేకపోవడమేనని తేల్చాడు. గుండె, కండరాలు దెబ్బతినే ఆ వ్యాధిలో పోగుపడేది గ్లైకోజెన్, ప్రోటీను కాదు. అయినా లైసోసోమ్ లోపంగా గుర్తింపు పొందిన మొదటి వంశపారంపర్య వ్యాధి కండరాల జబ్బే కావడం గమనించదగినది.

లైసోసోమ్‌తో అన్నీ తేలలేదు. కొన్ని ప్రోటీన్లు నిమిషాలలో నశిస్తాయి, కొన్ని రోజులు నిలుస్తాయి. సంచిలో పడేసి జీర్ణం చేసే పద్ధతికి ఇంత తారతమ్యం ఎలా సాధ్యం? 1977లో హార్వర్డ్‌లో జోసెఫ్ ఎట్లింగర్, ఆల్ఫ్రెడ్ గోల్డ్‌బర్గ్ ఈ ప్రశ్నను సూటిగా పరీక్షించారు. కుందేలు రక్తంలోని రెటిక్యులోసైట్లను, అంటే ఇంకా పక్వం కాని ఎర్ర రక్తకణాలను, వారు ఎంచుకున్నారు. వాటిలో లైసోసోములుండవు. వేలీన్‌ను పోలిన ఒక నకిలీ అమైనో ఆమ్లాన్ని అందించి ఆ కణాలచేత వికృతమైన ప్రోటీన్లను తయారు చేయించారు. మంచి హిమోగ్లోబిన్ చెక్కుచెదరలేదు. వికృత ప్రోటీన్లు మాత్రం త్వరత్వరగా మాయమయ్యాయి. కణాలను పగలగొట్టి తీసిన రసంలో కూడా ఇదే జరిగింది, ఏటీపీ ఉన్నంతవరకు. మంచిని వదిలి చెడును ఏరివేసే ఏర్పాటు లైసోసోమ్‌తో సంబంధం లేకుండా వేరే ఉందని దీనితో రుజువైంది. మన కథలోని పిల్లవాడి ప్రోటీనుకు పట్టిన గతికి మూలసూత్రం ఇక్కడ దొరికింది. కాని అప్పటికి ఆ ప్రోటీను పేరే ఎవరికీ తెలియదు.

ఆ ఏర్పాటు ఏమిటో కనిపెట్టినది ఇజ్రాయెల్‌లోని హైఫాలో అవ్రాం హెర్ష్కో, ఆయన విద్యార్థి ఆరన్ సికనోవర్. వారికి ఫిలడెల్ఫియాలో ఇర్విన్ రోజ్ ఆశ్రయమిచ్చి తోడ్పడ్డాడు. హిమోగ్లోబిన్‌ను వేరు చేయడంకోసం వారు రెటిక్యులోసైట్ రసాన్ని రెండు భాగాలుగా విడదీశారు. విడివిడిగా ఏ భాగమూ ప్రోటీన్లను విడగొట్టలేదు. కలిపితే పని జరిగింది. మొదటి భాగంలోని క్రియాశీల పదార్థం వేడిచేసినా చెడలేదు. మిగిలిన ప్రోటీన్లన్నీ గడ్డకట్టగా, అది తేటలో నిలిచి ఉంది. 1978లో ప్రకటించిన ఆ చిన్న ప్రోటీను, 1975లోనే గిడియన్ గోల్డ్‌స్టీన్ వేరే సందర్భంలో వెలికితీసిన యుబిక్విటిన్ అని 1980లో తేలింది. దాని పొడవు 76 అమైనో ఆమ్లాలే.

అసలు ఆశ్చర్యం 1980 ప్రయోగాలలో కలిగింది. యుబిక్విటిన్ తాను స్వయంగా ఏ ప్రోటీనునూ కోయదు. తొలగించవలసిన ప్రోటీనుకు గట్టి రసాయన బంధంతో అతుక్కుంటుంది. ఒకదాని మీద ఒకటిగా గొలుసు ఏర్పడితే, అది తొలగింపుకు గుర్తు. ఈ అతికించే పని మూడు తరగతుల ఎంజైములు వరసగా చేస్తాయి. మొదటిది ఏటీపీని ఖర్చుచేసి యుబిక్విటిన్‌ను సిద్ధం చేస్తుంది, రెండవది అందుకుంటుంది, మూడవది ఏ ప్రోటీనుకు అతికించాలో ఎంచుతుంది. గుర్తు పడిన ప్రోటీనును ముక్కలు చేసే గొట్టంలాంటి యంత్రానికి 1988లో ప్రోటియాజోమ్ అన్న పేరు స్థిరపడింది. ఆ గొట్టంలోకి దూరాలంటే ప్రోటీను ముడత విప్పాలి. దానికీ ఏటీపీ కావాలి. సింప్సన్ ప్రశ్నకు జవాబు దొరికింది. గోడ కూల్చడానికి కాదు, ఏ గోడ కూల్చాలో ఎంచడానికే ఆ కూలి. హెర్ష్కో, సికనోవర్, రోజ్‌లకు 2004లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

కండరం వైపునుంచి వచ్చిన దారి

ఇదే కాలంలో కండరాల జబ్బుల చరిత్ర పూర్తిగా వేరే దారిలో నడుస్తున్నది. ఫ్రెంచి వైద్యుడు డుషెన్ 1860లలో విపులంగా వర్ణించిన బాలుర కండర క్షీణతకు కారణమైన జన్యువును లూయిస్ కుంకెల్ బృందం బోస్టన్‌లో 1986లో పట్టుకుంది. మరుసటి ఏడాది ఆ జన్యువు ఇచ్చే ప్రోటీనును గుర్తించి డిస్ట్రోఫిన్ అని పేరు పెట్టింది. అది కండరంలోని మొత్తం ప్రోటీనులో 0.002 శాతం మాత్రమే. అది లేకపోతే కండరం నిలవదు.

ఇందులోనే ఒక పాఠం ఉంది. డిస్ట్రోఫిన్ జన్యువులో పెద్ద భాగం ఊడిపోయినా, మిగిలినది సక్రమంగా చదవగలిగేలా ఉంటే, వ్యాధి తేలికగా ఉండవచ్చు. ప్రోటీను సంకేతంలో 46 శాతం పోయిన ఒక వ్యక్తి 61 ఏళ్ళ వయసులో కూడా నడవగలుగుతున్నాడని 1990లో ప్రకటించారు. కొన్ని చోట్ల చిన్న లోపమే ప్రాణాంతకం కాగా, సగం పోయిన ప్రోటీను పనికివచ్చింది. ప్రోటీనులో ఎంత పోయిందన్నదానికన్నా, మిగిలినది కణంలో నిలుస్తుందా లేదా అన్నదే ముఖ్యమని దీని సారం.

అయొవాలో కెవిన్ క్యాంబెల్ బృందం డిస్ట్రోఫిన్ ఒంటరిది కాదని చూపింది. కణపు పైపొరలో ఉన్న మరికొన్ని ప్రోటీన్లతో అది కట్టగా ఉంటుంది. డిస్ట్రోఫిన్ లేకపోతే అవీ తగ్గిపోతాయి. ఆ కట్టలో ఒకదానికి, అరబ్బీలో కండరమన్న అర్థం వచ్చే మాటనుంచి, మొదట అధాలిన్ అని పేరు పెట్టారు. ఉత్తర ఆఫ్రికా కుటుంబాలలో బాలబాలికలిద్దరికీ వచ్చే తీవ్రమైన కండర క్షీణతలో అది లోపించినట్టు 1992లో గమనించడమే ఆ పేరు వెనుక కథ. ఆ ప్రోటీనే తరవాత ఆల్ఫా-సార్కోగ్లైకాన్ అయింది. 1994లో దాని జన్యువులో మొట్టమొదట దొరికిన లోపాలు, మన ఉదాహరణలో మాదిరిగానే, ఒకే అమైనో ఆమ్లపు మార్పులు. తమాషా ఏమిటంటే, ఉత్తర ఆఫ్రికా కుటుంబాలలో అసలు లోపం దాని తోబుట్టువైన గామా-సార్కోగ్లైకాన్‌లో ఉందని 1995లో తేలింది. ఆల్ఫా, బీటా, గామా, డెల్టా అనే నాలుగూ కలిసి ఒక జట్టు. ఒకటి చెడితే మిగిలిన మూడూ పైపొర మీద సరిగా నిలవవు.

పనిని కాదు, రూపాన్ని చూసి

ఇప్పుడు రెండు చరిత్రలు కలిశాయి. పైపొరకు వెళ్ళవలసిన ప్రోటీన్లు కణం లోపల అంతర్జీవద్రవ్యజాలం అనే పొరల అల్లికలో తయారై, అక్కడే సరైన ముడతలు పడతాయి. ముడత సరిగా పడిందో లేదో చూసే కాపలా అక్కడే ఉంది. తప్పుగా ముడుచుకున్నదాన్ని వెనక్కి లాగి, యుబిక్విటిన్ గుర్తు వేసి, ప్రోటియాజోమ్‌కు అప్పగిస్తారు. ఈ కాపలాకు ఆ ప్రోటీను ఏ పని చేస్తుందో తెలియదు. అది చూసేది రూపాన్ని మాత్రమే. కొంచెం వంకర తిరిగినా నీళ్ళు నిలిచే కుండను కూడా ఆవం దగ్గరే పగలగొట్టే కుమ్మరి వంటిది ఈ ఏర్పాటు.

ఈ సంగతి ముందుగా స్పష్టమైనది కండరాలలో కాదు, ఊపిరితిత్తులను దెబ్బతీసే సిస్టిక్ ఫైబ్రోసిస్ వ్యాధిలో. ఆ వ్యాధిలో అన్నిటికన్నా తరచుగా కనిపించే లోపం ఒక్క అమైనో ఆమ్లం ఊడిపోవడం. ఆ ప్రోటీను పైపొరకు చేరడం లేదని 1990లో తెలిసింది. కణాలను తక్కువ ఉష్ణోగ్రతలో పెంచితే అది పైపొరకు చేరి పనిచేస్తున్నదని 1992లో చూపారు. మామూలు ఉష్ణోగ్రతలో దాన్ని నాశనం చేస్తున్నది ప్రోటియాజోమేనని 1995లో తేలింది.

సార్కోగ్లైకాన్ వంతు 2008లో వచ్చింది. ఇటలీలోని పదువా నగరంలోనూ, ఫ్రాన్స్‌లోనూ పరిశోధకులు ప్రయోగశాలలో పెంచిన కణాలలో లోపమున్న ఆల్ఫా-సార్కోగ్లైకాన్‌ను పరీక్షించారు. పదువా బృందం ప్రోటియాజోమ్‌ను అడ్డుకుంది. ఫ్రెంచి బృందం కాపలాలో పాలుపంచుకునే ఒక ఎంజైమును అడ్డుకుంది. రెండు చోట్లా లోపమున్న ప్రోటీను తప్పించుకుని పైపొరకు చేరింది. 77వ స్థానపు మార్పునే చిట్టెలుకలలో ప్రవేశపెడితే మరో విశేషం బయటపడింది. వాటికి జబ్బే రాలేదు. చికిత్సను పరీక్షించడానికి జంతువు దొరకలేదని పరిశోధకులకు నిరాశ కలిగించిన ఫలితమిది. కాని ఆ మార్పు ఉన్న ప్రోటీను నిలిచి ఉంటే కండరం కూడా నిలుస్తుందని చెప్పడానికి దీనికి మించిన సాక్ష్యం అరుదు.

కాపలాయే చెడినప్పుడు

అయితే ప్రోటియాజోమ్‌ను ఆపేస్తే సరిపోతుందా? సరిపోదని చెప్పే జబ్బులు కండరాలలోనే ఉన్నాయి.

కెనడాలోని మానిటోబాలో నివసించే హటరైట్ అనే క్రైస్తవ సమాజంలో కనిపించే ఒక కండర క్షీణతకు కారణం ట్రిమ్32 అనే జన్యువు అని 2002లో కనుగొన్నారు. ఆ జన్యువు ఇచ్చేది యుబిక్విటిన్‌ను అతికించే మూడో తరగతి ఎంజైము. అంటే ఇక్కడ లోపం కండరపు కట్టడంలో లేదు. కట్టడంలో ఏది తొలగించాలో ఎంచేవాడిలో ఉంది. 2004లో వీసీపీ అనే మరో ప్రోటీను వంతు. ఏటీపీ శక్తితో, యుబిక్విటిన్ గుర్తు పడిన ప్రోటీన్లను వాటి స్థానాలనుంచి ఊడలాగేది ఇది. దీనిలో లోపముంటే నడివయసులో కండరాలు క్షీణిస్తాయి. కొందరిలో ఎముకల జబ్బు, మతిమరుపు కూడా వస్తాయి. 2009లో బ్యాగ్3 అనే ప్రోటీనులో లోపంవల్ల పిల్లలకు వచ్చే తీవ్రమైన కండర, హృదయ వ్యాధిని వర్ణించారు. మరుసటి ఏడాది జర్మనీలో యోర్గ్ హ్యోఫెల్డ్ బృందం ఆ ప్రోటీను చేసే పనిని వివరించింది. కండరం లాగుడుకు గురైనప్పుడల్లా జెడ్ గీతల దగ్గర ఫిలమిన్ అనే ప్రోటీను దెబ్బతింటుంది. దాన్ని ఎప్పటికప్పుడు ఆటోఫజీకి పంపేది బ్యాగ్3. అంటే మెట్లెక్కిన ప్రతిసారీ మన కండరాలు కొంత చెడి, కొంత బాగుపడుతున్నాయన్నమాట.

2009లో పదువాలోనే మార్కో సాంద్రి బృందం చిట్టెలుకల కండరాలలో ఆటోఫజీకి అవసరమైన ఒక జన్యువును తొలగించింది. విడగొట్టే పని ఆగితే కండ పెరగాలని ఎవరైనా అనుకుంటారు. జరిగినది వ్యతిరేకం. చెత్త పేరుకుని, కండరాలు సన్నబడి బలహీనపడ్డాయి. తొలగింపు శత్రువు కాదని, అది లేకుండా కండరం బతకదని దీనితో స్పష్టమైంది.

మందుల దాకా

గోల్డ్‌బర్గ్ 1993లో స్థాపించిన కంపెనీ పేరు మయోజెనిక్స్. పేరులోనే కండరం ఉంది. జబ్బుపడినవారిలో కండ కరిగిపోవడాన్ని ప్రోటియాజోమ్ నిరోధకాలతో ఆపాలన్నది మొదటి సంకల్పం. అందులోంచి పుట్టిన బోర్టెజోమిబ్ 2003లో ఆమోదం పొందింది, మల్టిపుల్ మైలోమా అనే రక్తసంబంధమైన క్యాన్సరుకు. ఆ క్యాన్సరు కణాలు ప్రతిరక్షకాలను విపరీతంగా తయారు చేస్తాయి కనుక చెత్త తొలగింపు ఆగితే తట్టుకోలేవు. ఎంతోమంది ఆయుష్షును పొడిగించిన మందు అది. కాని ప్రోటియాజోమ్‌ను శరీరమంతటా అడ్డుకునే మందును ఒక పిల్లవాడికి జీవితాంతం ఇవ్వడం ఊహించలేం. ట్రిమ్32, వీసీపీ చెప్పిన పాఠం కూడా అదే.

అందువల్ల పరిశోధన రెండో దారి పట్టింది. కాపలాను ఆపకుండా, వంకర తిరిగిన ప్రోటీనుకు ఆసరా ఇచ్చి సరిగా ముడుచుకునేలా చేయడం ఆ దారి. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో ఇటువంటి సవరణ మందులు 2015నుంచి వాడుకలోకి వచ్చాయి. అదే కోవకు చెందిన పదార్థాలు, రోగులనుంచి తీసి పెంచిన కండరకణాలలో ఆల్ఫా-సార్కోగ్లైకాన్‌ను పైపొరకు చేర్చగలిగాయని 2018లో పదువా బృందం ప్రకటించింది. కండరాల జబ్బుకు ఈ మార్గంలో ఆమోదం పొందిన చికిత్స ఇంకా లేదు. ఉన్నట్టు ఎవరైనా అమ్మజూపితే నమ్మకూడదు.

అయినా ఈ చరిత్రనుంచి కుటుంబాలు ఇప్పుడే తీసుకోదగిన సంగతి ఒకటుంది. సార్కోగ్లైకాన్ లోపాల వంటివి తల్లిదండ్రులిద్దరినుంచీ చెడిన ప్రతి వస్తేనే బయటపడే జబ్బులు. మేనరికాలు తరతరాలుగా సాగిన మన తెలుగు కుటుంబాలలో ఇటువంటివి తలెత్తే అవకాశం కొంత ఎక్కువ. పరీక్ష ఫలితం చేతికి వచ్చినప్పుడు జబ్బు పేరు దగ్గరే ఆగిపోకుండా, లోపం ఏ తరహాదో వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవడం, ఆ కాగితాన్ని భద్రపరచడం అవసరం. ప్రోటీను అసలే తయారు కాని లోపం వేరు, తయారైనా కణమే తొలగిస్తున్న లోపం వేరు. సవరణ మందు వచ్చే రోజున అది ఉపయోగపడేది రెండో రకం లోపమున్నవారికే. ఆ కాగితంలో 77వ స్థానమన్న అంకె ఉన్న పిల్లవాడి విషయంలో, ప్రోటీను ఎక్కడికి పోయిందన్నది ఈ రోజు మనకు తెలుసు. దాన్ని ఎలా దక్కించుకోవాలన్నదే ఇక తేలవలసినది.